ఇరవై ఒక్క మలుపుల కొండ

ఫ్రాన్సు వెళ్ళివచ్చానంటే చాలు, ఎదుటివారు ముందుగా ఈఫెల్ టవరు ఎలా ఉన్నదని అడుగుతారు. నేను చూడలేదని చెబితే నమ్మరు. పదహారు రోజులున్నాను గాని పారిస్‌లో విమానం మారడమే తప్ప ఊళ్ళో అడుగు పెట్టలేదు. నేను చూసినవి మూడే. గ్రెనోబుల్ అనే పట్నం, ఆ పట్నంలో మా అమ్మాయి గది, అక్కడికి సుమారు యాభై కిలోమీటర్ల దూరాన ఒక కొండదారి. మొదటి రెండింటి మాట కొంచెం చెప్పి మూడోదానికి వస్తాను.

అది 2024 ఆగస్టు. కాలేజీలో సెలవు అడిగితే ప్రిన్సిపాలుగారు, "అమ్మాయిని చూడడానికా, ఆల్ప్సు పర్వతాలను చూడడానికా?" అన్నారు. రెండూనండీ అన్నాను. నిజానికి రెండూ కాదు. మూడు నెలలుగా ఫోనులో దాని గొంతు మారింది. "బాగున్నానమ్మా" అన్న మాటే రోజూ ఒకే శ్రుతిలో, పాఠం అప్పజెప్పినట్టు వస్తున్నది. ఇరవై ఏళ్ళుగా క్లాసులో పిల్లల ముఖాలు చూస్తున్నదాన్ని, ఆ మాత్రం కనిపెట్టలేనా? మా వారితో మాత్రం, "ఒక్కసారి చూసి వస్తాను, ఆవకాయ కూడా అయిపోయిందట" అన్నాను. సంచిలో ఆవకాయ సీసా, కందిపొడి, రెండు కిలోల జంతికలు పెట్టుకొని బయలుదేరాను.

గ్రెనోబుల్ చిత్రమైన ఊరు. చుట్టూ మూడు కొండల వరసలున్నాయి, షార్త్రూజ్, వెర్కోర్, బెల్దోన్ అని. ఏ వీధిలో నిలబడి చివరకు చూసినా ఒక కొండ మనకేసి చూస్తూ ఉంటుంది. ఊరు మాత్రం చాప పరిచినట్టు చదును. ఇజేర్, ద్రాక్ అనే రెండు నదులు అక్కడ కలుస్తాయి. నది మీదుగా కోట కొండకు గాజు బుడగల వంటి తొట్లు తీగ మీద వెళుతూ ఉంటాయి. 1934 నుంచీ ఆ తీగ మార్గం ఉన్నదట. 1968లో శీతకాలపు ఒలింపిక్స్ ఈ ఊళ్ళోనే జరిగాయి. ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నాకు ఆశ్చర్యం కలిగించినవి సైకిళ్ళు. ముందు పెట్టెలో ఇద్దరు పసివాళ్ళను కూర్చోబెట్టుకొని, కూరగాయల సంచి వెనక కట్టుకొని, నా వయసు ఆడవాళ్ళు ట్రాము పక్కనే సైకిలు తొక్కుకుంటూ పోతున్నారు. ఎవరూ వాళ్ళ వంక చూడడం లేదు, నేను తప్ప.

నాకూ సైకిలు వచ్చునండీ. తెనాలిలో ఏడో తరగతి వేసవిలో, గంటకు రూపాయి అద్దె ఇచ్చి, కడ్డీ కింద నుంచి కాలు దూర్చి నేర్చుకొన్నాను. మోకాలి మీద మచ్చ ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది. తొమ్మిదో తరగతిలో ఓణీలు వేశారు. ఇంట్లో కొన్న సైకిలు తమ్ముడి పాలయింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ తొక్కమననూ లేదు. అంతే, ఆ కథ అక్కడ ఆగిపోయింది.

వెళ్ళిన మూడో రాత్రి అమ్మాయి చెప్పింది. "రెండు పేపర్లు పోయాయమ్మా. చదువు మానేసి నీతో వచ్చేస్తాను."

నేనేమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉన్నది. "ఎన్ని మార్కులు వచ్చాయి?" అన్నాను. ఎందరి పిల్లలకో వరండాలో నిలబెట్టి ధైర్యం చెప్పినదాన్ని, నా పిల్ల దగ్గరకు వచ్చేసరికి నా నోట వచ్చిన మాట అది. అది మార్కులు చెప్పింది. సెప్టెంబరులో ఆ రెండూ మళ్ళీ రాసుకొనే వీలున్నదని కూడా చెప్పింది. రాయనన్నది. నాన్నగారికి చెప్పవద్దన్నది. గోడవైపు తిరిగి పడుకొన్నది. నేను చీకట్లో ఫోను తీసి, తిరుగు ప్రయాణానికి ఇంకొక టికెట్టు ఎంతవుతుందో చూశాను. బ్యాంకు అప్పు గుర్తుకు వచ్చింది. ఫోను మూసేశాను.

ఇట్లా నాలుగు రోజులు గడిచాక ఆదివారం వచ్చింది, ఆగస్టు 18వ తేదీ. అమ్మాయితోపాటు గదిలో ఉండే పోలండు దేశపు పిల్ల తెల్లవారకముందే లేచి, ఎరుపు తెలుపు జెండా ఒకటి ఇస్త్రీ చేస్తున్నది. ఏమిటీ సంబరమంటే, ఆ వేళ ఆడవాళ్ళ టూర్ ద ఫ్రాన్స్ సైకిలు పందెం ఆఖరి రోజు. ఆల్ప్ ద్యుయెజ్ అనే కొండ మీద ముగుస్తుంది. పసుపు చొక్కా వాళ్ళ దేశపు అమ్మాయి ఒంటి మీద ఉన్నది. "మీరూ రండి ఆంటీ" అన్నది. మా అమ్మాయి రానన్నది. నేను వస్తానన్నాను. ఇక అమ్మను ఒంటరిగా పంపలేక అదీ చెప్పులు వేసుకొన్నది.

బస్సు రొమాంష్ నది వెంట సన్నని లోయలోంచి పోయి బూర్ ద్వాజాన్ అనే చిన్న ఊళ్ళో దింపింది. అక్కడి నుంచి కొండ మీదికి 13.8 కిలోమీటర్ల దారి, ఇరవై ఒక్క మలుపులు. మన తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కినవారికి మలుపుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. కాని ఇక్కడ మలుపులకు అంకెలు కింద నుంచి పైకి తగ్గుతూ పోతాయి. మొదటి మలుపు దగ్గర 21 అని రాసి ఉంటుంది. ప్రతి పలక మీదా ఆ కొండ మీద గెలిచిన రౌతు పేరు ఉంటుంది. 1952లో మొట్టమొదట గెలిచినవాడు ఇటలీకి చెందిన ఫౌస్తో కోప్పి. ఇంకా ఎన్ని మిగిలాయో చూపించే ఈ లెక్క ఎక్కేవాడి మీద దయతో పెట్టారో, కక్షతో పెట్టారో నాకు తెలియలేదు.

దారిలో మొదటి భాగమే బాగా నిటారు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకొని, కాన్వాసు బూట్లతో, ప్రతి మలుపు దగ్గరా ఆగి ఆయాసం తీర్చుకొంటూ ఎక్కాను. పదహారో మలుపు దగ్గర లా గార్డ్ అనే పల్లె వచ్చింది. ఇక ఒక్క అడుగు కూడా వేయనని రోడ్డు పక్క గట్టు మీద కూలబడ్డాను. పోలండు పిల్ల కొంచెం చిన్నబోయింది గాని జెండా అక్కడే పాతింది.

మా పక్కన మడత కుర్చీ వేసుకొని ఒక పెద్దావిడ కూర్చొని ఉన్నది. అరవై అయిదు పైమాటే. ఫ్లాస్కులో కాఫీ, బట్టలో చుట్టిన రొట్టె, జున్ను. నా చీర అంచు పట్టుకొని చూసి, ఎంత పొడుగని అడిగింది. నేను చేతులతో కొలిచి చూపించాను. పందెం వచ్చేదాకా మూడు గంటల పొద్దు. ఆవిడ ఫ్రెంచిలో చెబితే పోలండు పిల్ల ఇంగ్లీషులో చెప్పడం, అర్థం కాని చోట మా అమ్మాయి తెలుగులో చెప్పడం, ఇట్లా మూడు భాషల్లో ఒక పురాణ కాలక్షేపం జరిగింది.

ఆవిడ యౌవనంలో పోస్టాఫీసులో పనిచేస్తూ సెలవుల్లో పందాలు తొక్కేదట. నాలుగేసి రోజుల పందాలు. అప్పట్లో ఆడవాళ్ళ పందెమంటే నవ్వులాట. అసలు 1924లో అల్ఫోన్సీనా స్ట్రాదా అనే ఇటలీ ఆవిడ మగవాళ్ళతో సమంగా తమ దేశం చుట్టే పందెంలో దిగింది. దారిలో చేతికడ్డీ విరిగితే చీపురుకర్ర కట్టుకొని తొక్కిందని ఇప్పటికీ చెప్పుకొంటారు. గడువు మించిపోయినా మిలాను దాకా వెళ్ళి ముగించింది. 1955లో నార్మండీలో ఆడవాళ్ళకు అయిదు అంచెల పందెం పెట్టారు. ఐల్ ఆఫ్ మాన్ ద్వీపం నుంచి వచ్చిన మిల్లీ రాబిన్సన్ గెలిచింది. మళ్ళీ మాట లేదు. 1984లో మగవాళ్ళ పందెంతోపాటే ఆడవాళ్ళకూ ఒకటి మొదలుపెడితే అమెరికా అమ్మాయి మరియాన్ మార్టిన్ గెలిచింది. 1989తో అదీ ఆగింది. ఏవేవో పేర్లతో చిన్నా చితకా నడిచినా, అసలు పేరుతో మళ్ళీ మొదలైంది 2022లో.

"రోజుల తరబడి పందెంలో నేర్చుకొనేది ఏమిటండీ?" అని అడిగాను. అడగడం మా వృత్తి గదా.

ఆవిడ నవ్వి, "తిండి" అన్నది. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టేనట. దాహం వేయకముందే తాగాలట. మొదటి రోజు ఉత్సాహంలో తినడం మరిచిపోతే దాని ఫలితం మూడో రోజున కాళ్ళలో తేలుతుందట. రాత్రి నిద్ర పట్టకపోయినా కాళ్ళు గోడకానించి కదలకుండా పడుకోవాలట. ఇక గాలి. ముందు తొక్కేవాడు గాలిని చీల్చుకొంటూ పోతాడు, వెనక అంటిపెట్టుకొని పోయేవాడికి ఎంతో శ్రమ తగ్గుతుంది. అందువల్ల ఎదుటి జట్టువాళ్ళతోనైనా సరే వంతులు వేసుకొని ముందు వెనకలు కావలసిందే. "అసహ్యించుకొనే మనిషి వీపు చూస్తూ వంద కిలోమీటర్లు పోయాను. ఆవిడ లేకపోతే నేను చేరేదాన్నే కాదు" అన్నది. అత్తగారితో ఒకే వంటింట్లో కాపురం చేసినవాళ్ళకు ఈ ముక్క తొందరగానే అర్థమవుతుందనుకొంటాను.

ఆవిడ మెడకింద ఎముక ఒకటి వంకరగా ఉన్నది. మా అమ్మాయి అదే చూస్తున్నదని గమనించి, తనే చెప్పింది. అది వేరే పందెంలోనట. అసలు పెద్ద దెబ్బ అది కాదు. ఒక నాలుగు రోజుల పందెంలో మూడో రోజు వాన నీళ్ళలో జారి పడింది. ఎముక విరగలేదు గాని ఒళ్ళంతా గీరుకుపోయింది. అందరికన్నా చివర చేరింది. రాత్రంతా ఏడ్చి, మరునాడు తొక్కకూడదని నిశ్చయించుకొన్నది. తెల్లవారి తలుపు తీసేసరికి, మెకానిక్కు వంగిన చక్రం సరిచేసి, తుడిచి, సైకిలు గుమ్మం పక్క నిలబెట్టి ఉన్నాడు. "అంత శుభ్రంగా తుడిచిపెట్టాక ఎక్కకపోతే అతనికి మర్యాదగా ఉండదనిపించింది" అన్నది.

"చివరకు ఎన్నో స్థానం వచ్చింది?" అన్నాను.

"అంకె గుర్తులేదు. నా వెనక ఇద్దరున్నారు."

మా అమ్మాయి అప్పటిదాకా దుబాసి పని తప్ప సొంతంగా ఒక్క మాటా ఆడలేదు. అప్పుడు తనకు వచ్చిన ఫ్రెంచిలో ఏదో అడిగింది. ఆవిడ జవాబు చెప్పింది. నేను ఏమిటే అన్నాను. కాసేపు ఆగి చెప్పింది. "పడ్డ రోజు ఇంట్లో చెప్పారా అని అడిగానమ్మా. పక్క ఊరి పోస్టాఫీసుకు వెళ్ళి వాళ్ళమ్మకు ఫోను చేసిందట. పడ్డానంటే, ఏమి తిన్నావే అని అడిగిందట వాళ్ళమ్మ."

నేను రోడ్డు వంక చూస్తూ కూర్చొన్నాను.

ఇంతలో ప్రచారపు బళ్ళు వచ్చాయి. పాటలు పెట్టుకొని, టోపీలు, బిస్కెట్లు విసురుతూ పోతుంటే పెద్దమనుషులు కూడా పిల్లల్లాగా ఎగబడ్డారు. నాకూ ఒక టోపీ దొరికింది, చీర మీద పెట్టుకొన్నాను. మా అమ్మాయి నన్ను చూసి నవ్వింది. వచ్చిన వారం తరవాత మొదటిసారి.

ఇక అసలు పందెం సంగతి. హాలండులోని రోటర్‌డామ్‌లో ఆగస్టు 12న బయలుదేరి, బెల్జియం మీదుగా ఏడు రోజుల్లో ఎనిమిది అంచెలు, మొత్తం సుమారు 950 కిలోమీటర్లు. ఇరవై రెండు జట్లు, జట్టుకు ఏడుగురు. అంతకుముందు ఏడు గెలిచిన డెమీ ఫోలరింగ్ అనే హాలండు అమ్మాయి ఈసారీ ముందే ఉన్నది. పువ్వులు పెంచే ఇంట పుట్టి, పువ్వుల దుకాణంలో పనిచేసి వచ్చిన పిల్ల. అయిదో అంచెలో, గమ్యం ఇంక ఆరు కిలోమీటర్లున్నదనగా గుంపులో పడిపోయింది. లేచి తొక్కింది గాని, ఆ వేళ గెలిచినవారికి నిమిషం 47 సెకన్లు వెనకబడింది. ఆ అంచె గెలిచినది ఆవిడ జట్టు అమ్మాయే కావడం ఇంకో చిత్రం. ఆ సాయంకాలం పసుపు చొక్కా పోలండుకు చెందిన కాషా నెవియదోమాకు వచ్చింది. ఈ నెవియదోమా 2022లో మూడోది, 2023లోనూ మూడోదే. ఆఖరి రోజు పొద్దున్న లెక్క చూస్తే ఫోలరింగ్ నిమిషం 15 సెకన్లు వెనక ఉన్నది.

మా కొండకు ముందు గ్లాండోన్ అనే ఇంకొక కనుమ ఉన్నది, 1,924 మీటర్ల ఎత్తు. ఫోలరింగ్ అక్కడే, ఇంకా యాభై కిలోమీటర్లకు పైగా ఉండగానే అందరినీ విడిచి దూసుకుపోయిందని ఫోనుల్లో తెలిసింది. వెంట పట్టుకొన్నది ఒక్కతే, పౌలీనా రోయాకర్స్ అనే హాలండు అమ్మాయి. పోలండు పిల్ల గోళ్ళు కొరకడం మొదలుపెట్టింది.

ముందు మోటారు సైకిళ్ళు, తరవాత కార్లు, ఆపైన కింది మలుపు నుంచి కేకలు. వాళ్ళిద్దరూ వచ్చారు. నేను ఊహించుకొన్నట్టు ఏమీ లేదు. కొండ మీద వేగం ఉండదు కదా, ముఖాలు బాగా కనిపిస్తాయి. ఫోలరింగ్ ముందు, రెండోది నీడలాగా వెనక. నోరు తెరిచి, కళ్ళు రోడ్డులో పాతేసి, ఎవరినీ చూడకుండా పోయింది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. చెమట వాసన, గొలుసు చప్పుడు. మా అమ్మాయి గడియారం చూసి గట్టిగా లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పది, ఇరవై, ముప్ఫై... అంకె పెరిగినకొద్దీ పోలండు పిల్ల నా చెయ్యి నలిపేస్తున్నది. నిమిషానికి అటూ ఇటూగా పసుపు చొక్కా కనిపించింది. జెండా ఊపడం మాని ఆ పిల్ల ఏదో తన భాషలో అరిచింది. వాళ్ళమ్మను పిలిచినట్టే వినిపించింది నాకు.

మిగిలింది ఫోనులో చూశాము. గమ్యం 1,850 మీటర్ల పైన. ఫోలరింగ్ చివరలో రోయాకర్స్‌ను వెనకవేసి అంచె గెలిచింది. గెలిచినవారికి పది సెకన్లు కానుక. ఇక గడియారం పరుగు. నెవియదోమా ఆఖరి వంపు తిరిగి, సైకిలు మీద లేచి నిలబడి తొక్కి, నిమిషం ఒక్క సెకను తరవాత గీత దాటింది. మా అమ్మాయి కాగితం మీద కూడింది, తీసింది. నిమిషం పదిహేనులోంచి నిమిషం ఒకటి, పది పోగా నాలుగు. ఏడు రోజులు, ఇరవై నాలుగు గంటలకు పైబడిన తొక్కుడు, తేడా నాలుగు సెకన్లు. 1989లో మగవాళ్ళ పందెం ఎనిమిది సెకన్లతో తేలితే దాన్ని అద్భుతమన్నారు. ఇది అందులో సగం. గెలిచినావిడ ఏడ్చింది, ఓడినావిడా ఏడ్చింది. మాతో ఉన్న పోలండు పిల్ల కూడా ఏడ్చింది.

నేను మాత్రం ఆ అయిదో అంచె ఆరు కిలోమీటర్ల గురించే ఆలోచిస్తున్నాను. ఆ పడడం లేకపోతే గెలుపు ఫోలరింగ్‌దే అని జనమంతా అంటున్నారు. పెద్దావిడ ఒప్పుకోలేదు. పడని రోజుల్లో కూడా ఎక్కడో నాలుగు సెకన్లు జారిపోయి ఉంటాయి, వాటిని ఎవరూ ఫొటో తీయరు అన్నది. పోలండు అమ్మాయి అయిదేళ్ళు రోడ్డు పందెం ఒక్కటీ గెలవక, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే మళ్ళీ ఒకటి గెలిచిందని ఆవిడే చెప్పింది. ఆ పెద్దావిడ బెంగ ఒకటే, 1989లో జానీ లోంగో తరవాత ఫ్రాన్సు అమ్మాయి గెలవలేదని. మరుసటి ఏడు, 2025లో, పొలీన్ ఫెరాన్ ప్రెవో గెలిచిందని పేపర్లో చదివినప్పుడు ఆవిడ మడత కుర్చీ గుర్తుకు వచ్చింది.

అందరూ దిగిపోతారనుకొన్నాను. దిగలేదు. వెనకబడ్డవాళ్ళు ఇంకా వస్తున్నారు. ఇద్దరిద్దరు, అయిదుగురు, తరవాత ఒక పెద్ద గుంపు. ఒక అమ్మాయికి మోచేయి నుంచి అరచేతి దాకా కట్టు. గెలిచినవారి కాలానికి ఇంత మించకూడదని గడువు ఉంటుందట, అందులోపల చేరాలి. వాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవు. అయినా పసుపు చొక్కాకు కొట్టినంత గట్టిగానూ చప్పట్లు కొడుతున్నారు. అన్నిటికన్నా చివర ఒక వ్యాను వచ్చింది. మానుకొన్నవాళ్ళను ఎక్కించుకొనే బండి. దాన్ని ఫ్రెంచివాళ్ళు చీపురు బండి అంటారట.

"నేను ఎక్కవలసింది అదేనమ్మా" అన్నది మా అమ్మాయి. నవ్వుతూ అన్నది గాని నాకు నవ్వు రాలేదు. ఆ బండి మా ముందు నుంచి నెమ్మదిగా పోయింది. అది మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉన్నది.

పెద్దావిడ కుర్చీ మడుచుకొని, మిగిలిన జున్ను మాకు కట్టి ఇచ్చింది. నేను జంతికల పొట్లం ఇచ్చాను. ఒకటి కొరికి, పందెంలో జేబులో వేసుకోవడానికి బాగుంటుందన్నది. మోకాళ్ళు పట్టుకొని దిగేటప్పటికి చీకటి పడింది. ఇరవై ఒకటి అని రాసిన పలక దగ్గర మా అమ్మాయి నా చేతిలోని సంచి తీసుకొన్నది. బస్సులో ఎవరమూ మాట్లాడలేదు. పోలండు పిల్ల జెండా కప్పుకొని నిద్రపోయింది.

మరునాడు తెల్లవారుజామున ఆరు గంటలకు మెలకువ వచ్చింది. మా అమ్మాయి మంచం మీద లేచి కూర్చొని ఉన్నది. మన దేశంలో తొమ్మిదిన్నర, మా వారు బ్యాంకుకు బయలుదేరే వేళ. "నువ్వు చెబుతావా, నేను చెప్పనా?" అన్నది. నీ ఇష్టం అన్నాను. ఫోను తీసుకొని కిటికీ దగ్గరికి వెళ్ళింది. అవతలి మాట నాకు వినబడదు కదా, ఇవతలిదే వినిపించింది.

"నాన్నా... ఊఁ... కాదు, రెండు పేపర్లు... జూన్‌లోనే తెలిసింది... సెప్టెంబరులో మళ్ళీ ఉన్నాయి... ఊఁ... రాస్తాను... లేదు నాన్నా, ఇంకా ఏమీ తినలేదు."

నేను లేచి ఉప్మాకు ఎసరు పెట్టాను.